వీధిలో మురుగునీళ్ళు పొంగుతుంటే చెన్నైలో ఎవరికి చెప్పాలి? అద్దెకున్నవాళ్ళ మాట వింటారా?

మీ ప్రశ్న పూర్తిగా చదివానండి. నెల్లూరు నుంచి వచ్చి వేళచ్చేరిలో అద్దెకు దిగారు. ఇంటి ముందు రోజూ నల్లటి నీళ్ళు నిలుస్తున్నాయి. కార్పొరేషన్ యాప్‌లో ఎన్నిసార్లు ఫిర్యాదు పెట్టినా ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చి మూతపడుతోంది. తమిళం రాదు, ఇక్కడ ఓటు లేదు, ఇల్లు సొంతం కాదు, మన మాట ఎవరు వింటారు అని అడిగారు. చివర్లో పాప బర్త్ సర్టిఫికెట్ సంగతి కూడా అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. వింటారు. ఫిర్యాదు చేయడానికి ఓటు అక్కర్లేదు, సొంతిల్లు అక్కర్లేదు, తమిళం కూడా తప్పనిసరి కాదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ఫిర్యాదు వెళ్ళాల్సిన ఆఫీసుకి వెళ్ళనే లేదు. చెన్నైలో మురుగునీటి పైపులు కార్పొరేషన్ చేతిలో లేవు. అవి మెట్రో వాటర్ బోర్డువి. 1978 చట్టంతో మంచినీళ్ళు, మురుగు రెండూ ఆ బోర్డుకి అప్పగించారు. మీరు ‘డ్రైనేజీ’ అని రాసి వాననీటి కాలువల విభాగంలో పెట్టారు. ఆ ఇంజినీరు వచ్చి చూస్తాడు, తన కాలువ బాగానే ఉంటుంది, మూసేస్తాడు. మీకు మాత్రం నీళ్ళు అక్కడే కనబడుతుంటాయి.

నేను పుట్టి పెరిగింది పెరంబూరులో. ఇప్పుడుండేది వలసరవాక్కం వైపు. మా కాలనీ సంఘం కార్యదర్శిగా చాలా ఏళ్ళు పనిచేశాను. వీధి దీపాల దగ్గర్నుంచి పార్కు గోడ దాకా ఈ ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ నీళ్ళు ఏవో తేల్చుకోండి. దీనికి ఇంజినీరు కానక్కర్లేదు. రోడ్డు మధ్యలోనో, మధ్యకి దగ్గరగానో గుండ్రటి మూత ఉంటే అది మురుగు మ్యాన్‌హోల్, మెట్రో వాటర్‌ది. రోడ్డు అంచున పొడుగ్గా కాంక్రీటు పలకలు పరిచి ఉంటే అది వాననీటి కాలువ, కార్పొరేషన్‌ది. తర్వాత టైం చూడండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, అంటే అందరూ స్నానాలు, వంటలు చేసుకునే వేళ ఎక్కువగా పొంగి, మధ్యాహ్నానికి తగ్గితే అది మురుగు లైను అడ్డుపడటమే. వాన పడ్డప్పుడు మాత్రమే నిలిస్తే వాననీటి కాలువ. ఇరవైనాలుగు గంటలూ సన్నగా, వాసన లేకుండా తేటగా వస్తుంటే మంచినీళ్ళ పైపు పగిలి ఉంటుంది. అది మళ్ళీ మెట్రో వాటరే.

మీరు ‘రోజూ’ అంటున్నారు, ‘నల్లగా’ అంటున్నారు, వానల సంగతి ఎత్తలేదు. నూటికి తొంభై పాళ్ళు మురుగు లైనే. మెట్రో వాటర్ నంబరు 1916కి ఫోన్ చేయండి. లేదా 044-45674567. అక్కడ ఇచ్చే ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి. అది మీ ప్రాంతపు డిపోకి వెళ్తుంది. జెట్టింగ్ బండి, అంటే ఒత్తిడితో నీళ్ళు కొట్టి అడ్డు తీసే బండి పంపి లైను శుభ్రం చేయించేది ఆ డిపో వాళ్ళే. ఫోన్ చేసిన మర్నాడు డిపోకి మనిషే వెళ్ళి నంబరు చూపించి అడిగితే ఇంకా మంచిది.

చిక్కంతా ఇంకో రకం కేసులో ఉంటుంది. మురుగు వాననీటి కాలువలోకి కలిసిపోతుంటే ఇద్దరూ ‘మాది కాదు’ అనే పరిస్థితి వస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే కూడా. మా వీధిలో అలాగే జరిగింది. ఎండాకాలంలో కూడా వాననీటి కాలువలో నీళ్ళు పారుతుండేవి, దోమలతో రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. ఎవరింటి నుంచి వస్తున్నాయో ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి కౌన్సిలర్ గారి ద్వారా రెండు ఆఫీసుల ఇంజినీర్లనూ ఒకే రోజు, ఒకే గంటకి రప్పించాం. వాళ్ళు ఒక బకెట్టు నీళ్ళలో ఎర్ర రంగు కలిపి, అనుమానం ఉన్న ఒక్కో అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూంలో పోయించుకుంటూ వచ్చారు. మిగతా వాళ్ళం కాలువ పలక ఎత్తి దాని దగ్గర కూర్చున్నాం. మూడో అపార్ట్‌మెంట్ దగ్గర పోసిన కాసేపటికి కాలువలో ఎర్రటి నీళ్ళు వచ్చాయి. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఆ అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు మురుగు పైపుని ఎవరో వాననీటి కాలువలోకి తిప్పేశారు. అందులో ఉంటున్నవాళ్ళకి ఆ సంగతే తెలియదు. వాళ్ళు ఖర్చు పెట్టుకుని మురుగు కనెక్షన్ తీసుకున్నారు, కాలువ ఆరిపోయింది. ఆ రోజు రెండు విభాగాలూ కలిసి రాకపోతే ఇప్పటికీ ఒకరి మీద ఒకరం చెప్పుకుంటూ ఉండేవాళ్ళం. మీ కేసు కూడా అలా తేలితే ‘రెండు శాఖల ఉమ్మడి తనిఖీ కావాలి’ అని ఆ మాటే రాతపూర్వకంగా అడగండి.

మిగతా వాటికి ఎవరిని అడగాలో కూడా చెబుతాను. చెత్త, వీధి దీపాలు, లోపలి రోడ్లు, వాననీటి కాలువలు, దోమల మందు, పార్కులు, కుక్కలు, జనన మరణ నమోదు అన్నీ కార్పొరేషన్. నంబరు 1913. వీధి దీపం కార్పొరేషన్‌ది కానీ ఇంట్లో కరెంటు పోతే విద్యుత్ సంస్థది, 94987 94987. మౌంట్ రోడ్డు, జి.ఎస్.టి. రోడ్డు లాంటి పెద్ద రోడ్లు హైవేస్ శాఖ చూస్తుంది, అందుకే అక్కడి గుంత గురించి వార్డు ఇంజినీరుని నిలదీసినా లాభం ఉండదు. వీధి దీపానికి ఫిర్యాదు చేసేటప్పుడు స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు ఇవ్వండి. ‘మా వీధిలో లైటు వెలగడం లేదు’ అంటే లైన్‌మన్ పగటిపూట వచ్చి వీధంతా చూసినా ఏ లైటో తెలియదు.

ఫిర్యాదు రాయడంలో నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఒక ఫిర్యాదులో ఒక్కటే సమస్య, ఒక్కటే చోటు. చాలామంది ఒకే అర్జీలో చెత్త, లైటు, కుక్కలు, రోడ్డు అన్నీ కలిపి రెండు పేజీలు రాస్తారు. బాధ అర్థమవుతుంది. కానీ అందులో ఏదో ఒక్కటి చేయగానే మొత్తం ఫిర్యాదు మూతపడుతుంది. మీది ఇలా రాస్తే చాలు: ‘ఫలానా వీధి, ఫలానా డోర్ నంబరు ఎదురుగా ఉన్న మ్యాన్‌హోల్ ప్రతిరోజూ ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా పొంగుతోంది. లైను శుభ్రం చేయాలి. పని అయ్యాక ఈ నంబరుకి ఫోన్ చేసి చూపించి మూయండి.’ ఫోటోలో మ్యాన్‌హోల్‌తో పాటు పక్కింటి గేటో, కొట్టు బోర్డో కనబడాలి. నీళ్ళు మాత్రమే దగ్గరగా తీసిన ఫోటో ఏ వీధిదైనా కావచ్చు. భాష ఇంగ్లీషు చాలు. తమిళంలో రాయించగలిగితే కింది సిబ్బంది త్వరగా చదువుకుంటారు, అంతే తేడా.

మూసేసిన ఫిర్యాదు గురించి టెన్షన్ పడకండి. పాత నంబరు ప్రస్తావిస్తూ, ఆ రోజు తేదీతో తీసిన ఫోటో పెట్టి కొత్తది వేయండి. రెండోసారి కూడా పని కాకుండా మూతపడితే జోన్ ఆఫీసుకి వెళ్ళి రెండు నంబర్లూ రాసిన కాగితం ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100 కూడా ఉంది, అక్కడ చెప్పినా చివరికి అదే ఆఫీసుకి వస్తుంది, కాకపోతే పైనుంచి వస్తుంది. సమాచార హక్కు అర్జీ అవసరం చాలా కేసుల్లో రాదు. వస్తే 10 రూపాయల ఫీజుతో, ‘ఈ ఫిర్యాదు మీద ఏ తేదీన ఎవరు వచ్చి ఏం చేశారు’ అన్న ఒక్క ప్రశ్న అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు చేయలేదు అని అడిగితే ఉపయోగం లేదు, రికార్డులో ఉన్నదే ఇస్తారు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కార్పొరేషన్ దగ్గరికి వెళ్ళే విషయాలు రెండు రకాలు. ఉన్నది పాడైతే బాగు చేయడం ఒకటి. లేనిది కొత్తగా కట్టడం ఇంకొకటి. మొదటిదానికి ఫోన్ నంబర్లు, యాప్‌లు పనికొస్తాయి, ఎందుకంటే దానికి మనుషులు, బండ్లు, సామాను ముందే ఉంటాయి. రెండోదానికి వెయ్యి ఫిర్యాదులు పెట్టినా పని జరగదు. కొత్త కాలువకి ఎస్టిమేట్ వేయాలి, మంజూరు కావాలి, టెండర్ పిలవాలి. ఆ దారి కౌన్సిలర్ నుంచీ, వార్డు అసిస్టెంట్ ఇంజినీరు నుంచీ మొదలవుతుంది.

2011లో చెన్నై కార్పొరేషన్ విస్తీర్ణం 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కి పెరిగింది. చుట్టుపక్కల 42 మున్సిపాలిటీలు, పంచాయతీలు కలిశాయి. మా వలసరవాక్కం అలా కలిసిందే. అలా కలిసిన చోట్ల చాలా వీధుల్లో అప్పటికి మురుగు లైనే లేదు. లైనే లేని వీధిలో ‘మురుగు పొంగుతోంది’ అని ఫిర్యాదు చేస్తే డిపో వాళ్ళు ఏం శుభ్రం చేస్తారు? అలాంటి వీధిలో ఉన్నవాళ్ళు అడగాల్సింది వేరు: మా వీధి ఏ పథకంలో ఉంది, ఎస్టిమేట్ అయిందా, ఎప్పుడు మొదలవుతుంది. మీ వీధిలో గుండ్రటి మూతలు ఒక్కటీ కనబడకపోతే మీరూ ఆ ప్రశ్నే అడగాలి.

కొత్త పనులు అడగడానికి కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక రోడ్డు తవ్వే పనులు నడవవు, ఆఫీసులన్నీ వరద పనుల్లో ఉంటాయి. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. అందుకని మేము అర్జీలు వానలు తగ్గాక, సంక్రాంతి లోపు ఇచ్చేవాళ్ళం. వానల్లో నీళ్ళు ఎక్కడ ఎంత లోతున నిలిచాయో అప్పుడు తీసిన ఫోటోలే ఆ అర్జీకి బలం. మా పిల్లల బడి పక్క సందులో మోకాలి లోతు నీళ్ళలో యూనిఫాంతో నడుస్తున్న పిల్లల ఫోటో ఒకటి జతచేశాం. ఇంజినీరు గారు ఎస్టిమేట్ ఫైల్లో కూడా అదే పెట్టుకున్నారు.

కౌన్సిలర్ని కలవడానికి భయం ఎందుకండీ! చెన్నైలో 200 వార్డులు, వార్డుకో కౌన్సిలర్. 2016 అక్టోబరు నుంచి 2022 దాకా ఆ కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి, ఎన్నికలే జరగలేదు. ఆ ఐదేళ్ళలో చిన్న పనికి కూడా నేరుగా అధికారుల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది, మధ్యలో మాట చెప్పే మనిషి లేడు. 2022 ఫిబ్రవరిలో ఎన్నికలయ్యాక ఆ లోటు తీరింది. సీట్లలో సగం ఆడవాళ్ళకి కేటాయించారు. పొద్దున తొమ్మిదిలోపు కౌన్సిలర్ వార్డులో తిరుగుతుంటారు, ఆ టైంలో కలవడం తేలిక. పార్టీ గురించి మాట్లాడొద్దు, పాత కౌన్సిలర్ని పొగడొద్దు, తిట్టొద్దు. ఒక పేజీ అర్జీ, కింద వీధివాళ్ళ సంతకాలు, ఫోన్ నంబర్లు. అద్దెకున్నవాళ్ళ సంతకాలతో పాటు ఇంటి ఓనర్ది కూడా ఒకటుంటే బావుంటుంది. ఆస్తి పన్ను రసీదు ఆయన దగ్గరే ఉంటుంది కదా. ఆ పన్ను మీ అద్దెలోంచే వెళ్తోంది, కాబట్టి మొహమాటం అవసరం లేదు.

వీలైతే ఓటు ఇక్కడికి మార్చుకోండి. ఫారం 8 ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. రిజిస్టర్ చేసిన అద్దె అగ్రిమెంట్ చిరునామా రుజువుగా చెల్లుతుంది. తమిళనాడులో 2022 నవంబరు 1న ఏరియా సభలు మొదలయ్యాయి, ఊళ్ళో గ్రామసభలాగా పట్నంలో వార్డుని చిన్న ప్రాంతాలుగా విడదీసి పెట్టేవి. ఆ ప్రాంతంలో ఓటున్న ప్రతివాళ్ళూ అందులో సభ్యులే. అక్కడ చెప్పింది రాతలోకి ఎక్కుతుంది. మనవాళ్ళు చాలామంది పదేళ్ళు ఇక్కడుండీ ఓటు ఊళ్ళోనే ఉంచుకుంటారు. పండక్కి వెళ్ళే ఊరి మీద ప్రేమ ఉండటం సహజమే, కానీ పిల్లలు నడిచే వీధి ఇది.

తెలుగువాళ్ళం కాబట్టి పరాయివాళ్ళుగా చూస్తారేమో అన్నారు. 1920 ప్రాంతంలో ఈ కార్పొరేషన్‌కి అధ్యక్షుడు తెలుగింటి మనిషి పిట్టి త్యాగరాయ చెట్టి గారు. టి.నగర్ ఆయన పేరు మీదే ఉంది. థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పేద పిల్లలకి భోజనం పెట్టడం ఆయన హయాంలోనే మొదలైంది. ఇప్పటికీ పొద్దున్నే మీ వీధి ఊడ్చేవాళ్ళని తెలుగులో పలకరించి చూడండి. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో ఆంధ్రా జిల్లాల నుంచి తరాల క్రితం వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా వీధికి వచ్చే ఆమె తెలుగే మాట్లాడుతుంది. ఏ మ్యాన్‌హోల్ ఎప్పుడు పొంగుతుందో, మూల మీద రాత్రిపూట చెత్త పడేసేది ఏ కొట్టువాళ్ళో ఆమెకి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పిన మాటతోనే శానిటరీ ఇన్‌స్పెక్టర్ని ఆ కొట్టు మూసే వేళకి రమ్మన్నాం, ఆ మూల చెత్త అక్కడితో ఆగింది.

ఇది కూడా చెప్పకుండా ఉండలేను. విసుగెత్తి, ప్రైవేటుగా మనిషిని పిలిపించి మ్యాన్‌హోల్లోకి దింపుదామని మీ వీధిలో ఎవరో ఒకరు అంటారు. దయచేసి ఒప్పుకోకండి. మురుగు లైన్లలోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, దింపించినవాళ్ళకి జైలు. చట్టం అటుంచండి, లోపల పేరుకున్న విషవాయువుకి మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, కాపాడబోయినవాడు కూడా మిగలడు. ఇలా పోయిన ప్రాణాలు ఈ నగరంలో చాలా ఉన్నాయి, అందులో మన భాష మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. రెండు రోజులు వాసన భరించండి, జెట్టింగ్ బండి వచ్చేదాకా ఆగండి. అపార్ట్‌మెంట్ లోపలి సెప్టిక్ ట్యాంకుకైనా లైసెన్సున్న లారీనే పిలిపించండి, పైపుతో లాగించండి.

కుక్కల గురించి ఒక్క మాటలో అడిగారు కాబట్టి: 1913కి చెబితే పట్టుకెళ్ళి ఆపరేషన్ చేసి, టీకా వేస్తారు. 2023 నిబంధనల ప్రకారం మామూలుగా తెచ్చిన చోటే వదలాలి, కాబట్టి అదే కుక్క మళ్ళీ కనబడితే ఫిర్యాదు పట్టించుకోలేదని అనుకోకండి. చెవి కొస కొద్దిగా కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టే. కరిచే కుక్క అయితే ఆ మాట, తేదీ, కరిచిన మనిషి ఆస్పత్రి చీటీ జతచేసి చెప్పండి.

ఇక పాప బర్త్ సర్టిఫికెట్. కాన్పు నెల్లూరులో మీ పుట్టింటి దగ్గర అయిందన్నారు. పుట్టిన చోటే నమోదు, ఉంటున్న చోట కాదు. చెన్నై జోన్ ఆఫీసులో ఎన్నిసార్లు అడిగినా వాళ్ళు ఇవ్వలేరు. ఆస్పత్రిలో కాన్పయింది కాబట్టి 21 రోజుల గడువులో ఆస్పత్రివాళ్ళే పంపి ఉంటారు. మీకు వచ్చినదాంట్లో పాప పేరు ఖాళీగా ఉండటం తప్పేమీ కాదు, బారసాలకి ముందే నమోదవుతుంది కాబట్టి చాలామందికి అలాగే వస్తుంది. నమోదైన తేదీ నుంచి ఏడాది లోపు పేరు చేర్పించుకుంటే ఫీజు లేదు. ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. పాపకి ఇంకా ఏడాది నిండలేదంటున్నారు కదా, ఈసారి నెల్లూరు వెళ్ళినప్పుడు ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, మీ ఇద్దరి ఆధార్ తీసుకుని అక్కడి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వండి. పేరు స్పెల్లింగు ఇంట్లో అందరూ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే రాసివ్వండి. బడి నుంచి పాస్‌పోర్టు దాకా అదే నడుస్తుంది, తర్వాత మార్పించడం చాలా కష్టం.